ఉత్తరం కిటికీలో ఎండ

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు నన్ను కలవగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మేడం, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిది?" నేను వెంటనే జవాబు చెప్పను, టీ తాగుతారా అని అడుగుతాను. దాటవేస్తున్నానని అనుకుంటారేమో. జవాబు పొడుగ్గా ఉంటుంది, అంతే. రిటైరయ్యాక తీరిక దొరికింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

అసలు మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఒక భవనాన్ని నేల మీద కట్టకముందే కంప్యూటర్లో కడతాం. గోడలు దేనితో, అద్దం ఎలాంటిది, కిటికీ ఏ దిక్కుకు, లోపల ఎంతమంది ఉంటారు, ఇవన్నీ చెబుతాం. తర్వాత ఆ ఊరి వాతావరణాన్ని గంట గంటకూ దాని మీదికి వదులుతాం. ఏ గది ఎప్పుడు ఎంత వేడెక్కుతుందో, దాన్ని చల్లబరచడానికి ఎంత కరెంటు కావాలో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చెబుతుంది. కరెంటు తక్కువ వాడే భవనాలు కట్టాలనుకునేవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మా అత్తగారు పద్మారావు నగర్‌లో ఇరుగుపొరుగు వాళ్ళతో, "మా కోడలు పొద్దస్తమానం ఇళ్ళు కడతది గానీ, ఒక్క దాంట్ల సుత మనుషులుండరు" అనేది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఈ లెక్కలో అన్నిటికంటే చిక్కు కిటికీలోంచి లోపలికి వచ్చే ఎండ. గోడ మీద పడిన ఎండ నిదానంగా వస్తుంది. కిటికీ మీద పడింది మాత్రం చెప్పులు విప్పకుండా నేరుగా ఇంట్లోకి వస్తుంది. మామూలు భవనంలో ఏసీ పెద్దది పెట్టి తప్పు కప్పేయవచ్చు. తక్కువ కరెంటు భవనంలో ఆ వీలుండదు. ఎండ లెక్క తప్పితే లోపల కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది.

రంగారావు సార్

బేగంపేటలో మా ఆఫీసు చిన్నది. నడిపేది రంగారావు సార్. అంతకుముందు ఆయన చాలా ఏళ్ళు ఏసీలు బిగించే కాంట్రాక్టరు. ఏసీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి, అవి పెట్టాల్సిన అవసరం లేకుండా చేసేందుకు ఈ కంపెనీ పెట్టాడు. పాత స్నేహితులు ఆయన్ని పిచ్చోడిలా చూసేవారు. ఆయన మాత్రం వాళ్ళందరినీ మా క్లయింట్లుగా మార్చేశాడు.

సాఫ్ట్‌వేర్ ఆయనకు రాదు. నేర్చుకోనని తెగేసి చెప్పాడు. "నాకు గది చూపియ్యి సునందా. లోపల మనిషి ఏడ కూసుంటడో చూపియ్యి. నీ గీతలు నువ్వు చూసుకో" అనేవాడు. రిపోర్టులో మేము రాసిన ప్రతి అంకెకూ "అయితే ఏందీ?" అని అడిగేవాడు. మొదట్లో చిరాకు పడ్డాను. తర్వాత నా అంతట నేనే ప్రతి పేజీ పక్కన "అయితే ఏందీ" అని పెన్సిల్‌తో రాసుకోవడం అలవాటైంది. మంచి పై అధికారి దొరకడమంటే అదే అనుకుంటాను. ఆయన లేనప్పుడు కూడా ఆయన ప్రశ్న మన చెవిలో వినిపిస్తుంది.

సౌర లాభాలు

సాఫ్ట్‌వేర్ ఏ దేశంలో పుట్టిందో ఆ దేశపు వాతావరణం దాని బుర్రలో ఉంటుంది. చలి దేశాల్లో తయారైనవాటికి ఎండ అంటే ప్రేమ. కిటికీలోంచి ఎండ వస్తే గది వెచ్చబడుతుంది, హీటరు ఖర్చు తగ్గుతుంది. అందుకే వాటి రిపోర్టులో లోపలికి వచ్చిన ఎండను లాభం కింద చూపిస్తారు.

ఒకసారి రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఇల్లు కట్టుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. రిపోర్టు తెలుగులో కావాలన్నాడు. మా ఆఫీసులో ఒకమ్మాయి మాటకు మాట తెలుగు చేసి, "పడమటి కిటికీ ద్వారా సౌర లాభాలు అధికం" అని రాసింది. పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి అడిగాడు.

"లాభమా? మే నెలల మా మిద్దె మీద అప్పడాలు వాటంతట అవే వేగుతయి. ఆ ఎండతోని నాకు లాభం ఎట్లొస్తదమ్మా?"

రంగారావు సార్ గదిలోంచి నవ్వు వినబడింది. ఆ సాయంత్రమే మా ఆఫీసులో రిపోర్టు మాటలు మారిపోయాయి. "లోపలికి వచ్చే ఎండ వేడి" అని రాయడం మొదలుపెట్టాం. మాట మార్చాక లెక్కలో కూడా ఒక సంగతి బయటపడింది. ఆ సాఫ్ట్‌వేర్ మనం ఏమీ చెప్పకపోతే శీతాకాలంలో పరదాలు తెరిచే ఉంటాయని తనంతట తానే అనుకుంటోంది. మన దగ్గర జనవరి మధ్యాహ్నం కూడా పడమటి కిటికీకి పరదా వేసుకుంటామని దానికెవరు చెబుతారు? మీరే చెప్పాలి. చెప్పకపోతే అది తన ఊరి అలవాటునే మన ఇంట్లో పెడుతుంది.

చిలకలగూడ బడి

ఇక అసలు కథ. చిలకలగూడలో ఇరుకు వీధిలో ఒక పాత బడి ఉండేది. దాన్ని పడగొట్టి అదే స్థలంలో మూడంతస్తుల కొత్త బడి కట్టాలని నిర్ణయించారు. ప్రిన్సిపాల్ వసుమతి మేడం. సన్నగా, పొట్టిగా ఉండేది, కానీ ఆమె వరండాలోకి వస్తే బడి మొత్తం నిశ్శబ్దం. మొదటి మీటింగులోనే తన మాట చెప్పేసింది.

"మీ సాఫ్ట్‌వేర్ల సంగతి నాకు తెల్వదు. పిల్లలకు ఏసీ పెట్ట. కిటికీలు పెద్దగుండాలె, తెరుచుకోవాలె, గాలి రావాలె. గట్ల అయితదా, కాదా? ఒక్క మాట చెప్పుండ్రి."

ఒక్క మాట చెప్పడమే కష్టం. అవుతుందని చెప్పి, పెద్ద కిటికీలతో కట్టాక మా లెక్క తప్పితే పిల్లలు ఎండాకాలమంతా ఉడికిపోతారు. కాదని చెబితే కిటికీలు చిన్నవి చేసి, బిగించేసి, ఏసీలు పెడతారు. ఆ ఏసీలు ఏదో ఒక ఏడాది ఆగిపోతే మూసిన గదుల్లో పిల్లలు ఇంకా ఎక్కువ ఉడికిపోతారు. భవనం ఒకసారి లేచాక మళ్ళీ సరిదిద్దుకునే అవకాశం ఉండదు.

ఆ పని నాకూ, ఖలీల్ భాయ్‌కీ అప్పగించారు. ఖలీల్‌ది కరీంనగర్ వైపు. నా ఈడువాడే. ఆఫీసులో నాతో సమానంగా పనిచేసినవాడు, నాతో సమానంగా వాదించినవాడు. మా దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లు ఉండేవి. ఒకటి నాది, ఒకటి ఆయనది. నాది ప్రతి చిన్న విషయానికీ వివరం అడిగేది, ఒక్కటి తక్కువైనా ముందుకు కదిలేది కాదు. ఆఫీసులో దాన్ని తాసీల్దారు అనేవాళ్ళం. ఖలీల్‌ది ఎక్కి కూర్చుంటే బయల్దేరేది, దాని పేరు ఆటో.

"మీ తాసీల్దారు ఒక్క కిటికీకి ఇన్ని సవాళ్ళు అడుగుతది. పెండ్లిచూపులకు వచ్చినోళ్ళు సుత ఇన్ని అడగరు మేడం" అనేవాడు ఖలీల్.

"మీ ఆటో ఎటుపోతుందో డ్రైవర్‌కే తెల్వదు కదా భాయ్" అనేదాన్ని నేను.

ఇద్దరం బడిని ఎవరి సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళం కట్టాం. గోడలు అవే, అద్దం అదే, వాతావరణం అదే. జవాబులు మాత్రం వేరు. తరగతి గదులు ఫ్యాన్లతో హాయిగా ఉంటాయని తాసీల్దారు చెప్పింది. మధ్యాహ్నం ఏసీ లేకుండా కుదరదని ఆటో చెప్పింది. రెండు రిపోర్టులూ రంగారావు సార్ బల్ల మీద పక్కపక్కన పడ్డాయి.

"ఇప్పుడు ఆ మేడంకు ఏం చెప్దామంటరు? సగం అయితది, సగం కాదు అందామా?" అన్నాడు సార్.

కుర్చీల మార్పిడి

మేమిద్దరం ఎవరి సాఫ్ట్‌వేర్‌ను వాళ్ళం వెనకేసుకొచ్చాం. గొంతులు పెరిగాయి. అప్పుడు సార్ ఒక పని చేశాడు. నా వృత్తిలో నాకు దక్కిన గొప్ప పాఠం అదే.

"కుర్సీలు మార్చుకోండ్రి. సునందా, నువ్వు ఆటో నడుపు. ఖలీల్, నువ్వు తాసీల్దారు దగ్గర కూసో. వచ్చే వారం ఎవరి లెక్క ఎందుకు రైటో ఎదుటోళ్ళు నాకు చెప్పాలె. మీ లెక్క గురించి మీరు ఒక్క ముక్క మాట్లాడొద్దు."

ఖలీల్ నా కుర్చీలో కూర్చుని మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకైతే ఎవరిదో వంటింట్లో ఉప్పు వెతుక్కుంటున్నట్టు అనిపించింది. బడి మొత్తం మీద తేడా వెతకడం గడ్డివాములో సూది అని ఒక పూటలోనే అర్థమైంది. అందుకని బడిని పక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే ఒక గది కట్టాం. నాలుగు గోడలు, ఒక కిటికీ. మనుషుల్లేరు, ఫ్యాన్లు లేవు. ఒక్కొక్క విషయం మార్చుకుంటూ పోయాం. జవాబులు ఎక్కడ విడిపోతాయో అక్కడ ఆగి తవ్వాం.

మొదటి తేడా అద్దంలో. ఎండ నేరుగా పడితే అద్దం చాలావరకు లోపలికి వదులుతుంది. ఏటవాలుగా పడేకొద్దీ ఎక్కువ తిప్పికొడుతుంది. తాసీల్దారు ఆ కోణం ప్రతి గంటా చూస్తుంది. ఆటో అద్దానికి ఒకే అంకె పెట్టుకుని రోజంతా అదే వాడుతుంది. అందుకే ఆటో గదిలోకి ఎక్కువ ఎండ వస్తోంది.

రెండోది, లోపలికి వచ్చిన ఎండ ఎక్కడ పడుతుందన్నది. తాసీల్దారు దాన్ని మొత్తం నేల మీద పడేస్తుంది. రాతి నేల ఆ వేడిని మింగి, సాయంత్రానికి మెల్లగా వదులుతుంది. ఆటో అదే ఎండను గోడలకూ, కప్పుకూ, అన్నిటికీ పంచేస్తుంది, గది తొందరగా వేడెక్కుతుంది. నిజానికి బడిలో నేల నిండా బెంచీలుంటాయి. రెండూ పూర్తిగా సరైనవి కావు.

మూడోది విని సార్ కడుపు పట్టుకుని నవ్వాడు. వాతావరణ ఫైలులో మధ్యాహ్నం రెండు గంటలు అని ఉంటే, ఒకటి నుంచి రెండు దాకా అని ఒక సాఫ్ట్‌వేర్ చదువుతోంది, రెండు నుంచి మూడు దాకా అని ఇంకొకటి చదువుతోంది.

"అంటే మన ఆఫీసుల ఇద్దరు సూర్యుళ్ళు నడుస్తున్నరు. ఒకడు టైముకొస్తడు, ఒకడు లేటు" అన్నాడు సార్.

"ఆ లేటొచ్చేటోడు నావోడే సార్" అని ఖలీల్ ఒప్పేసుకుని, వెంటనే నోరు నొక్కుకున్నాడు. తన లెక్క గురించి మాట్లాడకూడదు కదా.

వారం చివర ఖలీల్ నా తాసీల్దారు తరఫున వాదించినంత బాగా నేనెప్పుడూ వాదించలేదు. నేను ఆటో గురించి చెప్పింది విని ఆయన, "ఇంత మంచిదని నాకే తెల్వదు" అన్నాడు. అద్దం సరిచేశాం, ఎండను నేలకూ బెంచీలకూ పంచాం, గంటలు కలిపాం. మళ్ళీ బడి మొత్తం నడిపితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నంత దగ్గరికి వచ్చాయి. ఏసీ అవసరం లేదు. ఆ సాయంత్రం ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించాం.

రెండూ ఒక్క మాట మీదున్నాయి

సమోసా తింటూనే సార్ అడిగాడు. "రెండూ ఒప్పుకున్నయి. మంచిదే. గది ఒప్పుకుందా?"

కొత్త బడి ఇంకా లేదు. కానీ పాత బడి అదే స్థలంలో ఉంది, అదే దిక్కుకు తిరిగి ఉంది. పదో తరగతి పిల్లలు కూర్చునే ఉత్తరపు గదిని రెండు సాఫ్ట్‌వేర్లలోనూ కట్టి, నిజం గదిలో వేడిని తనంతట తానే నమోదు చేసుకునే చిన్న డబ్బాలు తగిలించి వచ్చాం. ఉత్తరపు గదే ఎందుకంటే, కొత్త బడిలో పెద్ద కిటికీలన్నీ ఉత్తరానికే పెడుతున్నాం. మన ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు ఉత్తరం వైపు నేరుగా ఎండ పడదు. వెలుతురు వస్తుంది, వేడి రాదు. అందరం చదువుకున్నదదే.

అప్పుడు ఫిబ్రవరి. డబ్బాలు తెచ్చి చూస్తే, పొద్దున రెండు సాఫ్ట్‌వేర్లు చెప్పినట్టే ఉంది. మధ్యాహ్నం మాత్రం గది అవి చెప్పినదానికంటే బాగా వేడెక్కుతోంది. వేడి గీతలో ఒంటె మూపురంలా ఒక గుట్ట లేచి, సాయంత్రానికి దిగిపోతోంది.

పిల్లల ఒంటి వేడేమో అనుకున్నాం. ఆదివారం కూడా గుట్ట ఉంది. పైకప్పు వేడేమో అనుకున్నాం. ఆ గది కింది అంతస్తులో ఉంది. మబ్బు పట్టిన రోజున మాత్రం గుట్ట లేదు. అంటే ఎండే. కానీ ఉత్తరం కిటికీలోకి ఫిబ్రవరిలో ఎండ ఎట్లా వస్తుంది?

"పోయి కూసుందాం పాండ్రి" అన్నాడు ఖలీల్.

వసుమతి మేడం అనుమతి తీసుకుని, మధ్యాహ్నం పదో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చున్నాం. లెక్కల టీచరు పాఠం చెబుతోంది. కిటికీ పక్క వరుసలో పిల్లలు పుస్తకాలతో విసురుకుంటున్నారు. ఖలీల్ లేచి ఆ వరుసలో ఖాళీగా ఉన్న చోట ఇరుక్కున్నాడు. కాసేపటికి నుదురు తుడుచుకోబోయి, చెయ్యి గాల్లోనే ఆపేశాడు. నన్ను సైగ చేసి పిలిచాడు.

"మేడం, ఉత్తరం ఎటు?"

"ఈ కిటికీ దిక్కే భాయ్."

"మరి నా చెయ్యి నీడ లోపటి దిక్కు పడుతుందేంది?"

బెంచీ మీద ఆయన అయిదు వేళ్ళ నీడ స్పష్టంగా ఉంది. కిటికీ వైపు నుంచి ఎండ వస్తే తప్ప అలా పడదు. ఇద్దరం ఒకేసారి తల వంచి కిటికీలోంచి పైకి చూశాం. చూడలేక కళ్ళు మూసుకున్నాం.

వీధికి అవతల, సరిగ్గా బడికి ఎదురుగా, నాలుగంతస్తుల ఫంక్షన్ హాలు. ముందు భాగమంతా నీలం అద్దం. అందులో సూర్యుడు కూర్చుని ఉన్నాడు. దక్షిణం నుంచి వచ్చిన ఎండ ఆ అద్దానికి తగిలి, కిందికి తిరిగి, మా ఉత్తరం కిటికీలోకి దిగుతోంది. వానాకాలంలో సర్వేకు వచ్చినప్పుడు ఆ ముఖమంతా కర్రలు కట్టి, గుడ్డ కప్పి ఉంది. నక్షాలో దాన్ని "ఎదుటి భవనం" అని మాత్రమే రాసుకున్నాం.

ఖలీల్ ఆపుకోలేక బిగ్గరగా నవ్వాడు. క్లాసంతా తిరిగి చూసింది. లెక్కల టీచరు సుద్దముక్క చేత్తో పట్టుకుని, "ఏమైంది సార్?" అంది.

"దొరికిండమ్మా" అన్నాడు ఖలీల్. ఎవరు దొరికారో పిల్లలకు అర్థం కాలేదు, వాళ్ళూ నవ్వారు.

ఆఫీసుకు వచ్చి సాఫ్ట్‌వేర్లను నిలదీశాం. ఎదుటి భవనం ఒకటుందని ఆటోకు తెలియనే తెలియదు. తాసీల్దారుకు తెలుసు. తెలిసి, ఆ భవనం మాకు నీడ ఇస్తుందని సంతోషపడింది! ఎదుటి అద్దం ఎండను తిప్పికొడుతుందని లెక్కించే వీలు దానిలో ఉంది గానీ, లోపలెక్కడో మూల మెనూలో, ఆపేసి ఉంది. లెక్క నిదానమవుతుందని తయారుచేసినవాళ్ళు అట్లా ఉంచారు. దాన్ని నడిపించాను. గుట్ట లేచింది. అటు ఖలీల్ స్కేలూ పెన్సిలూ తీసుకుని, అద్దం వెనక ఇంకో సూర్యుడు ఉన్నట్టు గీసి, చేత్తో లెక్క వేశాడు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. ఎండ పంపేది హాలు అద్దం మొత్తం కాదు, పై భాగంలో ఒక పట్టీ మాత్రమే. కింది అద్దాల నుంచి వచ్చేది వీధిలోనే పడిపోతుంది.

సత్తయ్య సేట్

హాలు యజమాని సత్తయ్య సేట్. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, ఎప్పుడూ పక్కన ఇద్దరు మనుషులు. విషయం చెబితే నవ్వేశాడు.

"ఎండ నాదా మేడం? సూర్యుని మీద కేసు పెట్టుండ్రి. అద్దాలు తియ్యమంటే మాత్రం తియ్య. పెండ్లి ఫోటోలల్ల మెరవాలె."

వసుమతి మేడం గొడవ పెట్టుకోలేదు. "ఒక్కసారి మా బడికి రాండ్రి. ఛాయ్ తాగి పోదురు" అని పిలిచింది. మధ్యాహ్నం రమ్మంది. వచ్చాక కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టింది. రంగారావు సార్, నేను, ఖలీల్ పక్కన నిలబడ్డాం. ఛాయ్ వచ్చేలోపే సేట్ మెడ తుడుచుకున్నాడు.

"అబ్బో. గిదంత మా అద్దమేనా?"

"మీదే సేట్. పరీక్షలు రాసేది గీ బెంచీల మీదనే" అంది వసుమతి మేడం.

సేట్ మొహంలో కొంచెం నొచ్చుకున్నట్టు కనబడింది. మేము ఆశపడ్డాం. ఆయన కిటికీలోంచి పైకి చూశాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చూశాడు. మొహం వెలిగిపోయింది. "మా హాలు ఇక్కడికెల్లి ఎంత సక్కగ కనబడుతుందో సూడుండ్రి!"

నాకు నీరసం వచ్చింది. రంగారావు సార్ మాత్రం ఆ మాటనే పట్టుకున్నాడు.

"సక్కగనే ఉంది సేట్. కానీ పేరు కనబడ్తలేదు. ఎవరి హాలో ఎట్ల తెలుస్తది?"

"కింద రాసిపెట్టిన కద."

"కింద ఎవరు చూస్తరు? పైన ఆ అద్దం మీద, ఈ కొస నుంచి ఆ కొసకు బోర్డు పెట్టుండ్రి. కొత్త బడి మీదికెల్లి సుత కనబడుతది. ఎంత ఎత్తులో పెట్టాలో మావోళ్ళు లెక్కగట్టి చెప్తరు."

సేట్ పక్కనున్న ఇద్దరి వైపూ చూశాడు. ఇద్దరూ తలూపారు. ఖలీల్ అప్పటికే నక్షా తీసి, ఆ పట్టీ మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. సేట్‌కు అది తన ఆలోచనే అన్నంత నచ్చేసింది. బంగారు రంగు రేకు తెప్పిస్తానన్నాడు, తళతళ మెరిసేది.

"వద్దు సేట్, వద్దు!" ఖలీల్ దాదాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మెరిస్తే మళ్ళ గదే కథ. మెరువని రంగు వేయిస్తే అక్షరాలు దూరంకెల్లి సుత సాఫ్‌గ కనబడతయి."

ముదురు ఎరుపు ఖాయమైంది. అంత పెద్ద పేరు బోర్డు సికింద్రాబాద్‌లో ఇంకెక్కడా నేను చూడలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ జవాబు రాదు. కానీ బోర్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో సాఫ్ట్‌వేర్ లేకుండా చెప్పలేకపోయేవాళ్ళం. ఊరికే అద్దాలన్నీ కప్పమని అడిగి ఉంటే సేట్ ఛాయ్ కూడా తాగకుండా లేచి పోయేవాడు.

రేపు ఆ బోర్డు తీసేస్తే ఎట్లా అన్న భయం ఉండనే ఉంది. అందుకని కొత్త బడి ఉత్తరపు కిటికీల మీద ఎండకు అడ్డంగా బాగా ముందుకు వచ్చే చజ్జాలు పెట్టమన్నాం. "ఉత్తరానికి చజ్జాలేంటండీ, చూసినవాళ్ళు నవ్వుతారు" అన్నాడు ఆర్కిటెక్టు. ఆయన్నీ ఆ బెంచీ మీద కాసేపు కూర్చోబెట్టాం. చజ్జాలు వచ్చాయి.

నా జవాబు

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు కదా. ఒకటి బాగా నేర్చుకోండి. రెండోది దానితో పోట్లాడగలిగినంత నేర్చుకోండి. ఖరీదైనది, అందరూ పొగిడేది అయినంత మాత్రాన నమ్మొద్దు. చిన్నది కదా అని తీసిపారేయొద్దు, మా ఆటో చాలాసార్లు తాసీల్దారు పరువు కాపాడింది. పెద్ద భవనం ముట్టుకునే ముందు ఒక్క గదితో మొదలుపెట్టండి. మీరు చెప్పకుండా సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏమేమి అనుకుంటోందో వెతకండి, అన్నిటికంటే ముందు ఎండ విషయంలో. రెండు సాఫ్ట్‌వేర్లు ఒకే మాట చెబితే సమోసాలు తినండి, తప్పులేదు. తిన్నాక గదికి వెళ్ళండి. గది ఇంకా కట్టలేదంటే దాని ఎదురుగా ఏముందో వెళ్ళి చూడండి. వానాకాలంలో చూశామని ఊరుకోవద్దు.

తోటివాడితో వాదించడానికి భయపడొద్దు. కానీ ఒక్కసారైనా అతని కుర్చీలో కూర్చుని అతని తరఫున వాదించి చూడండి. నా పక్కన ఖలీల్ లేకపోయి ఉంటే నేను మంచి రిపోర్టులు రాసేదాన్నేమో. మంచి బడి మాత్రం వచ్చేది కాదు.

కొత్త బడిలో ఫిబ్రవరి

బడి లేచింది. పిల్లలు వచ్చారు. మొదటి ఏడాది ఫిబ్రవరిలో డబ్బాలు తగిలించడానికి నేనూ ఖలీల్ వెళ్ళాం. పదో తరగతికి పరీక్ష జరుగుతోంది. అదే మధ్యాహ్నపు వేళ. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బయట ఎండ బాగా కాస్తోంది. వసుమతి మేడం మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపి, మాట్లాడొద్దని పెదవుల మీద వేలు పెట్టింది.

డబ్బాలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాం. మా రెండు సాఫ్ట్‌వేర్లు చెప్పిన అంకెలు నాకు నోటికి వచ్చు, ఖలీల్‌కూ వచ్చు. నిజం అంకె మాత్రం వారం తర్వాత గానీ తెలియదు. ఖలీల్ ఏదో దువా చదువుకుంటున్నట్టు పెదవులు కదిపాడు.

కిటికీ పక్క వరుసలో ఒకమ్మాయి జవాబు పత్రాన్ని మోచేత్తో అదిమిపెట్టి రాస్తోంది. ఒక కాగితం జారిపోయింది. తీసుకుంది. మళ్ళీ జారిపోయింది. ఈసారి లేచి నిలబడింది.

"టీచర్, కాగితాలు ఎగిరిపోతున్నయి. ఫ్యాన్ బంద్ చేయనా?"

టీచరు గది వైపు చూసి, "అందరికీ ఓకేనా?" అని అడిగింది. తలలెత్తకుండానే పిల్లలంతా ఊఁ అన్నారు. ఆ అమ్మాయి వెళ్ళి స్విచ్ ఆపి, వచ్చి కూర్చుని, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.